డిలీట్ చేసినా డిస్క్ ఖాళీ అవ్వట్లేదన్నావు కదా అల్లుడూ

ఒరే అల్లుడూ, రాత్రి నువ్వు రాయగడ నుంచి ఫోన్ చేసేసరికి ఇక్కడ పర్లాకిమిడిలో కరెంటు లేదు, ఫోన్లో చార్జింగూ లేదు, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. పాత పెళ్లిళ్ల ఫొటోలు అన్నేసి తీసేసినా డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చూపించే డీఎఫ్ కమాండ్ కొడితే ఒక్క జీబీ కూడా పెరగలేదన్నావు. డిస్క్ పాడవలేదు, కంగారుపడి ఫార్మాట్ మాత్రం కొట్టకు.

ఆ డిస్క్‌కి నేను పెట్టిన ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లు ఎక్కడ ఎలా రాయాలో చూసుకునేది, లైనక్స్‌లోని నిల్ఫ్స్2, అది లాగ్ పద్ధతిలో నడుస్తది. మీ తాతయ్య కొట్లో ఖాతా పుస్తకం గుర్తుందా, బాకీ తీరినా పాత వరస చెరిపేవారు కాదు, కింద కొత్తగా రాసేవారు, పేజీలు అయిపోవస్తే లాంతరు దగ్గర కూర్చుని తీరని బాకీలు మాత్రం కొత్త పేజీలోకి ఎక్కించి పాతది చింపేసేవారు. ఇక్కడ ఆ పేజీ పేరు సెగ్మెంట్, మామూలుగా 8 ఎంబీ ఉంటది, ఎక్కించే పని క్లీనర్ అనే ప్రోగ్రామ్‌ది. నువ్వు డిలీట్ కొట్టడమంటే బాకీ తీరిందని ఇంకో వరస రాయడమే, దానికీ చోటు కావాలి. 1991లో రోసెన్‌బ్లమ్, ఔస్టర్‌హౌట్ అనే పరిశోధకులు స్ప్రైట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ పద్ధతి చూపించినప్పుడు కూడా ఎక్కువ బుర్ర పెట్టింది ఈ క్లీనింగ్ మీదే.

ముందు పీఎస్ కమాండ్ కొట్టి, నడుస్తున్న ప్రోగ్రాముల్లో నిల్ఫ్స్_క్లీనర్‌డీ, అదే ఆ క్లీనర్, ఉందా చూడు. మొన్న సిస్టమ్ మళ్లీ ఎక్కించావు కదా, నిల్ఫ్స్ టూల్స్ ప్యాకేజీ వెయ్యకపోతే డిస్క్ మౌంట్ అవుద్ది గానీ క్లీనర్ లేవదు, నాకు ఇక్కడే అనుమానం. క్లీనర్ నడుస్తుంటే ఎల్ఎస్‌సీపీ -ఎస్ కొట్టు, స్నాప్‌షాట్లు, అంటే చెరగకుండా దాచిపెట్టుకున్న పాత స్థితులు, కనిపిస్తాయి. ఒక్కో పెళ్లికీ ఒకటి పెట్టుకోమని నేనే చెప్పాను, అవి ఉన్నంతకాలం ఆ ఫొటోల్ని క్లీనర్ ముట్టుకోదు, అక్కర్లేనివి చూసుకుని సీహెచ్‌సీపీ సీపీ అని నంబరు ఇచ్చి మామూలు చెక్‌పాయింట్‌గా, అంటే క్లీనర్ తీసెయ్యగలిగే పాత స్థితిగా, మార్చు. తర్వాత నిల్ఫ్స్-క్లీన్ కొట్టి వదిలెయ్, మాటిమాటికీ డీఎఫ్ చూస్తూ కూర్చోకు, అది నెమ్మదిగానే చేస్తది.

క్లీనర్ కాన్ఫిగ్‌లో ప్రొటెక్షన్ పీరియడ్ 3600 సెకన్లు అని ఉంటది, అంటే గంటలోపు చెక్‌పాయింట్లని క్లీనర్ ముట్టుకోదు, దాన్ని సున్నా చెయ్యకు నాన్నా. ఒకసారి నేను ఒక ఇంటి పెళ్లి ఫోల్డర్ మొత్తం లేపేసి, ఆ గంట ఉండబట్టే పాత చెక్‌పాయింట్‌ని స్నాప్‌షాట్ చేసి మౌంట్ చేసుకుని, తలంబ్రాల ఫొటోలతో సహా వెనక్కి తెచ్చుకున్నా, చేతులు వణికిపోయాయి అప్పుడు.

ఇకమీదట ఐదో వంతు ఖాళీగా ఉంచు, ఇరుకైతే క్లీనర్ ఉన్నదాన్నే అటూ ఇటూ మోస్తూ కూర్చుంటది. పీఎస్‌లో ఏం కనబడిందో మధ్యాహ్నం ఫోన్ చెయ్యి, ఇంట్లోనే ఉంటా.