కదిపే ముందు కెమెరా ఎక్కడ ఆగాలో తేల్చుకో

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టూ, షాట్ల జాబితా రెండూ చదివాను. తండ్రీకూతుళ్లు వసారాలో కూర్చుని ఇల్లు అమ్మడం గురించి మాట్లాడుకునే నాలుగు నిమిషాల సన్నివేశానికి 26 షాట్లు రాసుకున్నావు. వాటిలో 19 షాట్లలో కెమెరా కదులుతూనే ఉంది. చేతి కుదుపు తెలియకుండా కెమెరాను పట్టే గింబల్ ఎలాగూ అద్దెకు తెస్తున్నాం కదా, కదిపితే పోయేదేముంది అనుకుని ఉంటావు. పట్టాల మీద నడిచే కెమెరా బండి, అంటే ట్రాలీ, తోసే కుర్రాడిగా చేరి, తరువాత కెమెరా పట్టి, ముప్ఫయ్యేళ్లు ఈ పనిలోనే ఉన్నవాణ్ని గనుక చెబుతున్నాను: కెమెరా కదిలిన ప్రతిసారీ చూసేవాడు ఏదో తెలియబోతోందని ఎదురుచూస్తాడు, ఏమీ తెలియకపోతే మూడోసారికి ఎదురుచూడడం మానేస్తాడు.

కదలిక కంటే ముందు ఎత్తు సంగతి చూడాలి. లో యాంగిల్‌లో (కింది నుంచి చూస్తే) మనిషి ఘనంగా, టాప్ యాంగిల్‌లో (పైనుంచి చూస్తే) దీనంగా కనిపిస్తాడని అందరూ వల్లె వేస్తారు. అది అబద్ధం కాదు గానీ, యాంగిల్ లెక్క మొదలయ్యేది పాత్ర కంటి మట్టం దగ్గర. మన ఇళ్లలో మనుషులు చాప మీదా, పీట మీదా, గడప మీదా కూర్చుంటారు. నువ్వు నిలబడి ఫోన్ ఛాతీ ఎత్తున పట్టుకుని తీస్తే, చాప మీది తండ్రిని నీకు తెలియకుండానే పైనుంచి చూసినట్టవుతుంది. నువ్వు అతని పక్షాన ఉండాలనుకున్నావు, నీ కెమెరా మాత్రం ఇల్లు బేరమాడడానికి వచ్చినవాడిలా నిలబడింది. జపాన్ దర్శకుడు యసుజిరో ఒజు 1953 నాటి 'టోక్యో స్టోరీ'లో నేల మీద కూర్చునే మనుషుల కోసం కెమెరాను బాగా కిందికి దించి, దాదాపుగా కదపకుండానే సినిమా అంతా తీశాడు. నీ ట్రైపాడ్ అంత కిందికి దిగకపోతే, సగం నింపిన ఇసుక సంచిని నేల మీద పెట్టి, దాని మీద గుంట చేసి ఫోన్ నిలబెట్టు. అలా దించినప్పుడు వసారా దూలాలూ, ట్యూబ్‌లైటూ ఫ్రేమ్‌లోకి వస్తాయి; ముందే చూసుకో. ఆ లైటు మినుకుమినుకుమనకుండా షటర్‌ను (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయాన్ని) సెకనులో 50వ వంతు దగ్గర ఉంచు. సెకనుకు 24 ఫ్రేములతో తీసేటప్పుడు కదలిక సహజంగా కనిపించడానికి కూడా దాదాపు అదే సరిపోతుంది.

క్లోజప్ విషయంలో ఒకే మాట. ఫోన్‌లోని మామూలు లెన్సు వైడ్ లెన్సే కాబట్టి, దాన్ని ముఖానికి అడుగు దూరంలో పెడితే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి. రెండు రెట్లు దగ్గరగా చూపే (2x) లెన్సు ఉంటే ఐదారడుగులు వెనక్కి జరిగి దానితో తీయి.

ఆ 19 కదలికల్లో నేనైతే రెండే ఉంచుతాను. మొదటిది, మాట్లాడుతూ మాట్లాడుతూ తండ్రి చూపు వీధి గుమ్మం వైపు మళ్లినప్పుడు, ఆ చూపును పట్టుకుని వెళ్లే పాన్, అంటే కెమెరా ఉన్నచోటే ఉండి పక్కకు తిరగడం. చివరికి కెమెరా ఎక్కడ ఆగాలో, అంటే గుమ్మం ఎంత కనిపించాలో, ముందు ఆ ఫ్రేమ్‌ను పెట్టుకుని చూడు. నీ పాదాలను ఆ గుమ్మానికి ఎదురుగా పాతుకుని, నడుము పైభాగాన్ని మాత్రం తండ్రి వైపు తిప్పి షాట్ మొదలుపెట్టు. అప్పుడు పాన్ సాగేకొద్దీ ఒంటి మెలిక విడిపోతూ, ఆగే చోట చేయి వణకదు. చాలామంది దీన్ని తిరగేసి చేసి, చివర్లో మెలి తిరిగి, ఫ్రేమ్ కుదరక అటూ ఇటూ వెతుక్కుంటారు. మొదట్లో ఐదు సెకన్లు, చివర ఐదు సెకన్లు కదలకుండా ఉంచితే ఎడిటర్ నీకు దండం పెడతాడు. ఫ్రేమ్‌లో ఒక స్తంభం ఒక అంచు నుంచి రెండో అంచుకు చేరడానికి ఏడు సెకన్లయినా పట్టేంత నెమ్మదిగా తిప్పు, లేకపోతే 24 ఫ్రేముల్లో అది గెంతుతూ కనిపిస్తుంది.

రెండోది, తండ్రి సంతకం పెడతానని ఒప్పుకునే చోట ముందుకు సాగే ట్రాలీ. దీన్ని జూమ్‌తో సరిపెట్టకు. జూమ్ చేస్తే తండ్రీ, వెనక గోడా ఒకే లెక్కన పెద్దవవుతాయి. కెమెరాయే ముందుకు వెళితే తండ్రి పెరుగుతాడు, గోడ అంతగా పెరగదు, పక్కనున్న స్తంభం ఫ్రేమ్ దాటి వెనక్కి పోతుంది, చూసేవాడు లేచి అతని దగ్గరకు వెళ్లినట్టుంటుంది. మా రోజుల్లో పట్టాల కింద చెక్కముక్కలు దోపి, తాపీ మేస్త్రీలు వాడే రసమట్టంతో చూసుకుని, కీచుమనకుండా పట్టాల మీద పౌడరు చల్లేవాళ్లం. నువ్వు గింబల్ పట్టుకుని మోకాళ్లు కాస్త వంచి, మడమ ముందు ఆనించి, నాలుగడుగుల దూరాన్ని ఇరవై సెకన్లలో నడువు. ట్రాలీ వెనక్కి, జూమ్ ముందుకు నడిపే నీ 22వ షాట్ కొట్టేయి. 1958లో హిచ్‌కాక్ 'వర్టిగో'లో దాన్ని వాడింది ఎత్తులంటే భయపడే మనిషికి కళ్లు తిరగడాన్ని చూపడానికి. ఇల్లు అమ్ముకునే ఈ పెద్దాయనకు తిరుగుతున్నది కళ్లు కాదు.

ఇక గీత. తండ్రీకూతుళ్ల మధ్య ఒక గీత ఉందనుకుని, కెమెరా ఎప్పుడూ దానికి ఒకే పక్కన ఉండాలి. కెమెరామన్‌గా తొలి ఏడాదిలో నేను ఒక పెళ్లిచూపుల సన్నివేశం తీశాను. భోజనాల తరువాత వెలుతురు అవతలి కిటికీకి మారిందని, అబ్బాయి క్లోజప్ కోసం గీత దాటాను. ఎడిటింగ్‌లో చూస్తే అబ్బాయీ, అమ్మాయీ ఇద్దరూ రైట్ లుక్కే, అంటే ఇద్దరూ ఫ్రేమ్‌లో కుడివైపే చూస్తున్నారు. ఒకరితో ఒకరు కాక, బయటున్న మూడో మనిషితో మాట్లాడుతున్నట్టున్నారు. ఆ ఒక్క షాట్ కోసం ఆ ఇంటిని ఇంకో పూట అద్దెకు తీసుకోవలసి వచ్చింది, దర్శకుడు నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపే సజెషన్ షాట్లలోనూ ఇదే పద్ధతి: తండ్రి కుడి భుజం మీదుగా కూతుర్ని తీస్తే, కూతురి ఎడమ భుజం మీదుగా తండ్రిని తీయాలి. నీ కథలో కూతురు దస్తావేజుల కోసం లేచి తండ్రి వెనకనుంచి అవతలికి వెళుతుంది కదా, ఆమె నడకతోనే గీత మారుతుంది. అవతలి పక్కకు వెళ్లాలంటే అప్పుడు వెళ్లు.

షూటింగ్ రోజు పొద్దున్నే చాప నుంచి గడప దాకా నేల మీద సుద్దముక్కతో ఆ గీత గీసి పెట్టు, ఫ్రేమ్‌లోకి వచ్చే షాట్‌కు ముందు తుడిచేయవచ్చు. తీసినవి కట్ చేయకుండా, పాడైన టేకులతో సహా నాకు పంపు.

ఇట్లు
మీ మామయ్య