అనంతపురం నుంచి కాలిఫోర్నియాకు: నడిచేటోళ్లకు దారి ఇయ్యకపోతే ఎంత ఖర్చు

తమ్ముడూ, వచ్చే నెల కాలిఫోర్నియా వస్తాండా, అనంతపురంలో ఎనిమిదేళ్లు కారు తోలినా, ఇంక ఏమేమి చూసుకోవాలన్నా అని అడిగినావు కదా. ఆ ఎనిమిదేళ్ల అలవాటే ముందు నీకు అడ్డమొస్తుంది. సప్తగిరి సర్కిల్ కాడ మనిషి చెయ్యి అడ్డం పెట్టి దాటుతాడు, మనం హారన్ కొట్టి పక్కనుంచి తీసుకుపోతాం, ఆయనా ఏమనుకోడు, మనమూ ఏమనుకోం. ఈడ అట్ల కుదరదు.

నేను 2011లో వచ్చినా. కారు కొన్న రెండో నెలలో ఒక సిగ్నల్ కాడ గ్రీన్ పడింది, రైట్‌కు తిప్పుతాండా. నాకు గ్రీన్ పడినప్పుడే ఆ పక్క దాటేవాళ్లకు కూడా నడిచే బొమ్మ వెలుగుతుంది, ముందు వాళ్లు పోవాల, ఆ సంగతి నాకు తట్టలా. ఒక పెద్దావిడ కూరగాయల సంచి పట్టుకోని మెల్లగా దాటుతాండాది, నేను హారన్ కొట్టి ఆమె ముందర నుంచే తిప్పేసినా. బెదిరిపోయి సంచి కింద పడేసింది. మా అమ్మ వయసు, ఆ మొహం ఇప్పటికీ మర్చిపోలా. వెనకే పోలీసు లైట్లు. ఊర్లో మాదిరి కారు దిగి సార్ సార్ అంటా ఆయన దగ్గరికి పోబోయినా, గట్టిగా అరిచినాడు. అందుకే చెప్తాండా, ఆపితే లోపలే కూర్చో, చేతులు స్టీరింగ్ మీద పెట్టు, అడిగినాకనే కాగితాలు తియ్యి.

ఫైను దగ్గర దగ్గర 240 డాలర్లు, అప్పటి లెక్కన 12 వేల రూపాయల పైమాటే, ఇంటికి పంపాలని పెట్టుకున్న దుడ్డు అది. పీడ పోతుందిలే అని ఆన్‌లైన్‌లో కట్టేసినా, అదే శానా పెద్ద తప్పు. ఊరికే కట్టేస్తే లైసెన్సు మీద ఒక పాయింటు, అంటే తప్పు చేసినట్టు ఒక గుర్తు, పడి మూడేళ్లు ఉంటుంది. ట్రాఫిక్ స్కూల్ అని ఉంది, కోర్టు ఒప్పుకుంటే కొంచెం ఫీజు ఎక్కువ కట్టి ఆ కోర్సు చేస్తే పాయింటు ఇన్సూరెన్సు వాళ్లకు కనపడదు, 18 నెలలకు ఒకసారే ఆ అవకాశం. నాకు ఆ మాట చెప్పేవాళ్లు ఎవురూ లేరు, మూడేళ్లలో ఇన్సూరెన్సుకే 1,400 డాలర్లు ఎక్కువ పోయింది. నీకు నేనుండా కదా.

మిగతా రూల్సు డీఎంవీ, అంటే ఈడ లైసెన్సులిచ్చే ఆఫీసు, వాళ్ల పుస్తకంలో సులువుగా ఉంటాయి, చదువుకో. స్టాప్ బోర్డు కాడ చక్రాలు పూర్తిగా ఆగాల, స్కూల్ బస్సు ఎర్రలైట్లు కొడతాంటే కదలొద్దు, మూలల కాడ గీతలు లేకపోయినా దాటేవాళ్లకు దారి ఇయ్యాల. తెల్లకర్ర పట్టుకున్న మనిషి కనపడితే ఇంకో ఆలోచన పెట్టుకోకుండా ఆగిపో.

దుడ్డు మిగులుతుందని మన పిల్లోళ్లందరూ తక్కువలో తక్కువ ఇన్సూరెన్సు తీసుకుంటారు, అది చూస్తే నాకు నిద్ర పట్టదు. 2025 జనవరి నుంచి పెంచినాక కూడా ఈడ కనీస లయబిలిటీ, అంటే మన కారు తగిలి దెబ్బలు తగిలినోళ్లకు ఇన్సూరెన్సు కట్టేది, ఒక మనిషికి 30 వేల డాలర్లే. ఎవురికన్నా తగిలి ఆసుపత్రిలో నాలుగు రోజులుంటే బిల్లు అది దాటిపోతుంది, ఆ పైది నీ మీదికి వస్తుంది, ఇంటికాడ మీ నాయన చేసిన అప్పు తీర్చేది ఎట్ల? ఒక మనిషికి లక్ష డాలర్లు, ఒక యాక్సిడెంటుకు మొత్తం మూడు లక్షల డాలర్లుండేది తీసుకో, నెలకు తేడా నువ్వు భయపడినంత ఉండదు. నేను ఆ ఫైను తర్వాత ఇప్పటివరకు ఇంకోటి తెచ్చుకోలా, ఇల్లు కొన్నా, అప్పు తీర్చినా. కారు కొనకముందే రెండు మూడు ఇన్సూరెన్సు కంపెనీల్లో ఎంతవుతుందో రాయించుకోని నాకు పంపు, చూసి చెప్తా.