టెక్ సందేహాలు: నాలుగు బైట్లు కలిస్తే సరిపోదు

ప్రశ్న: మా టీమ్ సొంతంగా రాసుకున్న వెర్షన్ కంట్రోల్ టూల్‌లో (ఫైళ్ళ పాత, కొత్త రూపాలన్నీ దాచే ప్రోగ్రాంలో) ఆబ్జెక్టులను, అంటే అది దాచిన ఫైళ్ళూ డైరెక్టరీలూ లాంటివాటిని, ఐడీని బట్టి వెతికే హ్యాష్ టేబుల్ (గడుల పట్టిక) ఉంది. దాన్ని వేగంగా చేస్తానంటూ ఒకరు ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపారు. ఐడీలో (ఆబ్జెక్టు లోపలి డేటా నుంచి లెక్కగట్టే గుర్తులో) మొదటి 4 బైట్లు కలిస్తే చాలు, మొత్తం 20 బైట్లు పోల్చక్కర్లేదంటున్నారు. పైగా దొరికిన ఆబ్జెక్టును వెతకడం మొదలుపెట్టిన గడిలోకి మార్చేసి, అక్కడున్నదాన్ని దీని గడిలోకి పంపుతున్నారు. టెస్టులన్నీ పాసయ్యాయి. ఓకే చేసేయొచ్చా?

జవాబు: వద్దు. రెండో మార్పు సంగతి తర్వాత చూద్దాం, మొదటిదాన్ని మాత్రం ఇవాళే వెనక్కి పంపండి. ఇదే ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. టూల్ మారుతుంది, భాష మారుతుంది, వాదన మాత్రం మారదు: "నాలుగు వందల కోట్లలో ఒక్క ఛాన్సు, అది మనకే తగులుతుందా?"

తగులుతుంది. ఆ లెక్క రెండంటే రెండే ఆబ్జెక్టులకు వర్తిస్తుంది. ఒకే టేబుల్‌లో సుమారు 77 వేల ఆబ్జెక్టులు చేరేసరికే, వాటిలో ఏవో రెండింటికి మొదటి 4 బైట్లు ఒకటయ్యే అవకాశం సగానికి సగం. లినక్స్ కెర్నల్‌లో కమిట్లే (ఒక్కో మార్పుకి దాచే రికార్డులే) పది లక్షలు దాటాయి, ఫైళ్ళూ డైరెక్టరీలూ వాటికి అదనం. మరి మీ టెస్టులో ఎన్ని ఆబ్జెక్టులున్నాయో ఒకసారి చూడండి. పదో ఇరవయ్యో అయితే పాసవక ఏమవుతాయి?

"అందరూ వాడే వెర్షన్ కంట్రోల్ టూల్ గిట్ కూడా 4 బైట్లే వాడుతుంది కదా" అని మీ వాళ్ళు అనొచ్చు. వాడుతుంది, కానీ ఏ గడి దగ్గర వెతకడం మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి మాత్రమే. అక్కడ ఏదైనా ఆబ్జెక్టు కనిపిస్తే మొత్తం ఐడీని పోలుస్తుంది, కలవకపోతే పక్క గడికి వెళ్తుంది, టేబుల్ చివరికొస్తే మళ్ళీ సున్నా నుంచి, ఇలా ఖాళీ గడి తగిలేదాకా. టేబుల్ సగం నిండేలోపే దాన్ని రెట్టింపు చేస్తుంది. సగం నిండిన టేబుల్‌లో ఈ పద్ధతికి, ఉన్నదాన్ని పట్టుకోవడానికి సగటున ఒకటిన్నర గడులు, లేదని తేల్చడానికి రెండున్నర గడులు చూస్తే సరిపోతుంది. టైమంతా పాయింటర్ (గడిలో ఉన్న మెమరీ చిరునామా) పట్టుకుని మెమరీలోంచి ఆబ్జెక్టును తెచ్చుకోవడంలోనే పోతుంది. అది చేతికొచ్చాక 20 బైట్లు పోల్చడం ఎంత పని?

వేగం కన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇంకొకటి ఉంది. పొరపాటున కలవడం ఒక ఎత్తు, కావాలని కలపడం ఇంకో ఎత్తు. మీ దగ్గరున్న ఒక ఫైలుకి మొదటి 4 బైట్లు సరిపోయేలా ఇంకో ఫైలు తయారుచేయాలంటే, చివర్లో ఒక కామెంటు పెట్టి అందులో ఒక అంకె మారుస్తూ పోవడమే. మామూలు ల్యాప్‌టాప్‌కి అది కొద్ది నిమిషాల పని. అలా తయారైన ఫైలు ముందే లోపలికి వస్తే, తర్వాత అసలు ఫైలు వచ్చినప్పుడు మీ టూల్ "ఇది నా దగ్గరుందిలే" అనుకుని దాన్ని పక్కన పడేస్తుంది. అడిగినవాళ్ళకి నకిలీది ఇస్తుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు.

2017 ఫిబ్రవరిలో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు మొత్తం ఎస్‌హెచ్‌ఏ-1 (గిట్ 20 బైట్ల ఐడీని లెక్కగట్టే పద్ధతి) ఒకటే వచ్చే రెండు పీడీఎఫ్‌లు చూపించారు. ఆ ఏడాదే గిట్ 2.13 అలాంటి దాడిని గుర్తుపట్టే ఎస్‌హెచ్‌ఏ-1ను డిఫాల్ట్‌గా పెట్టింది, 2020లో వచ్చిన 2.29లో 32 బైట్లిచ్చే ఎస్‌హెచ్‌ఏ-256ను ప్రయోగాత్మకంగా తెచ్చింది. అందరూ 20 బైట్లు చాలవని 32కి వెళ్తుంటే మీరు 4కి దిగుతామంటున్నారు!

ఇది మీ ఒక్కరి జబ్బు కాదు. డూప్లికేట్లు తీసేస్తామని చెప్పే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొంత, చిన్న చెక్‌సమ్ (డేటా నుంచి లెక్కగట్టే సంఖ్య) కలిసిందని లోపలి డేటా చూడకుండానే ఒక కాపీని చెరిపేస్తుంది. అది దారుణమైన డిజైన్. డిప్లాయ్ స్క్రిప్టుల్లో (ప్రోగ్రాంను సర్వర్లలో పెట్టే కోడ్‌లో) కమిట్ ఐడీ మొదటి 7 అక్షరాలే రాసి వదిలేసేవాళ్ళూ ఇదే తప్పు చేస్తున్నారు, అవి 28 బిట్లే, అంటే 4 బైట్లు కూడా కావు. చాట్‌లో పక్కవాళ్ళకి చెప్పుకోవడానికి 7 చాలు, మెషీన్ నమ్మాల్సిన చోట మొత్తం 40 అక్షరాలు (20 బైట్లు) పెట్టండి. ఇక "పనితీరు మెరుగుపరిచాం" అని ఒక్క ముక్క రాసి వచ్చే అప్‌డేట్లంటే నాకు ఒళ్ళు మండుతుంది. దేన్ని తీసేసి ఆ వేగం తెచ్చారో చెప్పాల్సిన బాధ్యత లేదా?

రెండో మార్పు మంచిదే. గిట్‌లో 2013 నుంచీ ఉంది, ఇప్పుడే దొరికింది మళ్ళీ త్వరలో కావాల్సొస్తుందన్న అంచనా దాని వెనక ఉంది. కానీ రెండు గడుల మధ్య ఖాళీ ఏదీ లేదు కాబట్టే ఈ మార్పిడి సరిపోతోంది. మీ టూల్ ఎక్కడైనా ఆబ్జెక్టును తీసేసి ఆ గడిని ఖాళీగా వదిలేస్తోందేమో చూడండి, అలా చేస్తే ఆ ఖాళీకి అవతల ఉన్నవి ఇక దొరకవు. ఇంకోటి, లుకప్ (వెతకడం) అని పేరున్నా ఈ ఫంక్షన్ ఇప్పుడు టేబుల్‌ని మారుస్తోంది. ఒక థ్రెడ్ (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనుల్లో ఒకటి) మొదటి గడి దాటి ముందుకెళ్ళిన క్షణంలో ఇంకో థ్రెడ్ ఆబ్జెక్టును వెనక్కి ఆ గడిలోకే మార్చిందనుకోండి, మొదటి థ్రెడ్‌కి అది కనిపించదు, లేదనుకుని ఇంకోటి సృష్టిస్తుంది. లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే ఏర్పాటు) లేకుండా దీన్ని లోపలికి రానివ్వకండి.

ప్యాచ్ రాసినవాళ్ళతో వాదన పెట్టుకోకుండా ఒక టెస్టు రాయండి. మొదటి 4 బైట్లు ఒకటే ఉండి, అయిదో బైటులో తేడా ఉండే మూడు ఐడీలు తీసుకోండి. రెండింటిని టేబుల్‌లో పెట్టి, మూడోదాని కోసం వెతకండి. లేదని రావాలి. ఈ ప్యాచ్‌తో ఉందని వస్తుంది, ఆ అవుట్‌పుట్‌నే రివ్యూలో అతికించండి.