చుక్కలు వేయించినా రోటా విరేచనాలు వచ్చాయి... టీకా పనిచేయనట్టేనా?

ప్రశ్న: మా బాబుకు పదకొండు నెలలు. రోటావైరస్ చుక్కల టీకా అన్ని డోసులూ వేయించాం. అయినా పోయిన వారం వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. పరీక్షలో రోటావైరస్ అనే తేలింది. ఓఆర్ఎస్ తాగిస్తే మూడు రోజుల్లో తగ్గింది. వేయించినా వచ్చేదానికి టీకా ఎందుకు? మా చెల్లెలి పాపకు రెండు నెలలు నిండాయి. ఈ చుక్కలతో పేగుకు ప్రమాదమని ఎవరో చెప్పారని తను టెన్షన్ పడుతోంది.

సలహా: ‘ఓఆర్ఎస్ తాగిస్తే మూడు రోజుల్లో తగ్గింది’ అని మీరు ఒక్క ముక్కలో రాసేశారు. నాకు ముఖ్యంగా కనిపించింది అదేనమ్మా. ఈ టీకా ఉన్నది ప్రతి విరేచనాన్నీ ఆపడానికి కాదు, బిడ్డకు సెలైన్ ఎక్కించే పరిస్థితి రాకుండా చూడటానికి. మీ బాబు తేలిగ్గా బయటపడింది టీకా వల్లేనని ప్రమాణం చేసి చెప్పలేను కానీ, టీకా వేసుకున్న పిల్లల్లో మేం ఎక్కువగా చూసేది ఇలాగే ఉంటుంది.

టీకా లేని రోజుల్లో నేను వార్డులో చూసిన రోటా వేరు. కళ్లు లోతుకు పోయి, మాడు గుంటపడి ఉండేది. బిడ్డ ఏడ్చినా కన్నీరు వచ్చేది కాదు. పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే మడత అలాగే నిలిచిపోయేది. సూది గుచ్చుదామంటే చేతిలో నరం దొరికేది కాదు, తలలో వెతకాల్సి వచ్చేది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. మెక్సికోలో ఈ టీకా మొదలుపెట్టాక, 2008లో ఐదేళ్లలోపు పిల్లల్లో విరేచనాల మరణాలు అంతకుముందుతో పోలిస్తే సుమారు 35 శాతం తగ్గాయి. రోటా ఒక్కటే కాదు, విరేచనాలతో పోయిన పిల్లలందరినీ కలిపిన లెక్క ఇది. అమెరికాలో టీకాకు ముందు ఏటా 55 వేల నుంచి 70 వేల మంది చిన్నపిల్లలు రోటాతో ఆసుపత్రిలో చేరేవారు. ఇప్పుడు ఏటా 40 వేల నుంచి 50 వేల చేరికలు తప్పుతున్నాయి. అక్కడ టీకా వేసుకోని పెద్ద పిల్లల్లో కూడా కేసులు తగ్గాయి. పసిపిల్లల నుంచి ఇంట్లోవాళ్లకు అంటడం తగ్గింది మరి.

అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తుందా అంటే, లేదు. సంపన్న దేశాల్లో తీవ్రమైన రోటా జబ్బును 85 శాతానికి పైగా అడ్డుకుంటుంది. పేద దేశాల్లో అది 50-60 శాతం దగ్గరే ఆగుతోంది. కానీ జబ్బు, మరణాలు ఎక్కువగా ఉన్నది అక్కడే కాబట్టి, ఆ సగం రక్షణతోనే ఎక్కువ ప్రాణాలు నిలుస్తున్నాయి.

ఇంకో మాట. నోరోవైరస్, అడినోవైరస్, షిగెల్లా లాంటివాటితోనూ మోషన్స్ అవుతాయి. వాటికీ ఈ చుక్కలకూ సంబంధం లేదు. ‘వేయించినా వచ్చాయి’ అని వచ్చే చాలామంది పిల్లల్లో కారణం ఇవే.

ఇక పేగు సంగతి. ఆ భయం గాల్లోంచి పుట్టింది కాదు. పేగులో ఒక భాగం పక్క భాగంలోకి చొచ్చుకుపోయే సమస్య అది. 1998లో వచ్చిన తొలి రోటా టీకాతో సుమారు పది వేల మందిలో ఒకరికి అలా జరుగుతోందని తేలి, మరుసటి ఏడాదే దాన్ని ఆపేశారు. ఇప్పటి టీకాలు వేరు. వీటితో ఆ ముప్పు 20 వేల నుంచి లక్ష మందిలో ఒకరికి ఉండొచ్చని అంచనా. అదీ ఎక్కువగా మొదటి లేదా రెండో డోసు తర్వాత వారంలోపే. ఆ వారంలో పాప ఉండుండి కాళ్లు పొట్టకు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చినా, వాంతులు ఆగకపోయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. త్వరగా గుర్తిస్తే చికిత్స ఉంది.

మీ చెల్లెలిని ఈ వారమే వేయించమనండి. ఆరు వారాలు నిండితే మొదటి డోసు వేయొచ్చు, ఆలస్యం చేయడంలో లాభం లేదు. కాస్త జలుబు ఉన్నా ఫర్వాలేదు. పాపకు ఇదివరకే పేగు అలా చొచ్చుకుపోయి ఉంటేనో, పుట్టుకతో తీవ్రమైన రోగనిరోధక లోపం ఉంటేనో మాత్రం వేయరు. చుక్కలు వేశాక కొన్ని రోజులు మలంలో టీకా వైరస్ పోతుంది కాబట్టి, డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోమనండి.