ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో బోటు షికారు దండగేనా?

"మూడు రోజులు ఉంటాం, అమ్మకు మోకాళ్ల నొప్పులు, బోటు షికారు డబ్బు దండగ అని ఆఫీసులో అంటున్నారు, వెళ్లాలా మానాలా" అని కదా అడిగారు. వెళ్లండి. అలాగని మీ ఆఫీసువాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లెక్కిన బోటు నేనూ ఎక్కాను.

మేం నాలుగేళ్లుగా ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఉంటున్నాం, ఆమ్‌స్టర్‌డామ్‌కి ఆనుకునే. ఎండాకాలం వచ్చిందంటే మావాళ్లో మా ఆయన వైపువాళ్లో ఎవరో ఒకరు దిగుతారు. దిగినవాళ్లందర్నీ బోటెక్కించే డ్యూటీ నాది. ఇప్పటికి ఆరుసార్లయింది. మా ఆయన రెండోసారికే చేతులెత్తేశాడు.

మొదటిసారి అత్తయ్యగారు, మామయ్యగారితో వెళ్లాం. జులై నెల, మధ్యాహ్నం ఒంటిగంట. సెంట్రల్ స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా రేవులు కనపడ్డాయి, ముందున్న బోటుకి టికెట్లు కొనేశాం. అద్దాల కప్పున్న పొడుగాటి బోటు. మేం లోపలికి వెళ్లేసరికి కిటికీ పక్క సీట్లన్నీ నిండిపోయాయి, నడవ పక్కన సర్దుకున్నాం. పైన అద్దం, పక్కన అద్దం, బయట మండే ఎండ. పది నిమిషాల్లో ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టయింది. చెవిలో పెట్టుకునే ఆడియోలో హిందీ ఉంది, తెలుగు లేదు. సరే హిందీయే విందామంటే, అది "ఎడమవైపు చూడండి" అనేసరికి చూడాల్సిన ఇల్లు వెనక్కి వెళ్లిపోయేది. మామయ్యగారు ఇరవై నిమిషాలు ఓపిక పట్టి ఆ తర్వాత హాయిగా నిద్రపోయారు. దిగాక అత్తయ్యగారు ఒకటే మాటన్నారు: "అన్నీ ఒకలాగే ఉన్నాయి కదమ్మా."

ఆవిడన్న మాట తప్పేం కాదు. ఏం చూడాలో ఎవరూ చెప్పకపోతే ఆ ఇళ్లు గంటసేపూ ఒకలాగే కనపడతాయి. అందుకని బోటు కంపెనీల గొడవ తర్వాత, ముందు ఆ ఇళ్ల సంగతి చెబుతాను. ఇది తెలిస్తే మామూలు బోటెక్కినా మీ డబ్బులు వసూలైపోతాయి.

మీరు తిరగబోయే కాలువల్లో ముఖ్యమైనవి 1613 నుంచి తవ్వడం మొదలుపెట్టినవి. పాత ఊరి చుట్టూ నెలవంకలా వంపు తిరిగి ఒకదాని వెనక ఒకటి ఉంటాయి: హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్. గ్రాఖ్ట్ అంటే కాలువ. ముందున్న మాటలకు వరసగా దొరలు, చక్రవర్తి, రాకుమారుడు అని అర్థం. (ఆ ఖకారం గొంతు లోపల్నుంచి రావాలి. నాలుగేళ్లయినా నాకు రాలేదు, వస్తుందన్న ఆశా లేదు.) ఈ కాలువల ప్రాంతాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ రోజుల్లో సరుకంతా నీటి మీదే నడిచేది. పడవ వచ్చి వ్యాపారి గుమ్మం ముందే ఆగేది. ఇంటి కింది భాగంలో కాపురం, పై అంతస్తుల్లో, అటక మీద సరుకు.

ఇప్పుడు తలెత్తి ఇంటి నెత్తిన చూడండి. ముందుకు పొడుచుకొచ్చిన దూలం, దానికో కొక్కెం ఉంటాయి. దానికి కప్పీ తగిలించి, తాడేసి మూటల్ని పైకి లాగేవారు. ఇళ్లు ఇరుకు, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి కాబట్టి ఈ రోజుకీ ఇల్లు మారేవాళ్లు సోఫాలు, బీరువాలు కిటికీలోంచే ఎక్కిస్తారు. మా స్నేహితురాలి ఫ్రిజ్ అలా గాల్లో వేలాడుతుంటే కింద నిలబడి నేనే ఫొటో తీశాను. చాలా ఇళ్ల ముందుగోడలు కాస్త వీధి మీదికి వాలి ఉంటాయి, గమనించండి. కట్టడం చేతకాక కాదు. పైకి లాగే మూట గోడకీ కిటికీలకీ కొట్టుకోకుండా ఉండాలని కావాలనే అలా కట్టారు.

పక్కకి ఒరిగిన ఇళ్ల కథ వేరు. ఇది మా అమ్మ బోటులో అడిగిన ప్రశ్న: "ఇవి ఒకదాని మీద ఒకటి పడిపోవూ?" ఇక్కడి నేల మెత్తటి బురద. కింద గట్టి ఇసుక పొర తగిలేదాకా చెక్క దుంగలు దిగ్గొట్టి వాటి మీద ఇళ్లు లేపారు. డామ్ కూడలిలో ఉన్న రాజభవనం ఒక్కదాని కిందే 13,659 దుంగలున్నాయి. నీళ్లలో మునిగి ఉన్నన్నాళ్లూ చెక్క అంత తేలిగ్గా పుచ్చదు. నీటిమట్టం తగ్గి దుంగ తలకి గాలి తగిలిందా, పుచ్చడం మొదలవుతుంది, ఇల్లు ఆ పక్కకి కుంగుతుంది. అందుకే ఇక్కడ కాలువల నీటిమట్టాన్ని అంత జాగ్రత్తగా కాపాడతారు. ఇది విన్నాక అమ్మ ఇళ్లు చూడటం మానేసి, ఏది ఎంత ఒరిగిందో లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఇంకో ఆట ఉంది, పిల్లలుంటే బాగా ఆడతారు. ముందుగోడ పైకప్పు దగ్గర ఎలా ముగుస్తుందో చూడండి. కొన్నిటికి మెట్లు మెట్లుగా ఉంటుంది, కొన్నిటికి సన్నటి మెడ నిలబెట్టినట్టు, కొన్నిటికి గంట బోర్లించినట్టు ఉంటుంది. మెట్ల రకం చాలావరకు పాతది, మెడా గంటా తర్వాత వచ్చిన ఫ్యాషన్లు. హేరెన్‌గ్రాఖ్ట్‌లో బంగారు వంపు అనే చోటికి వచ్చేసరికి ఇళ్లు హఠాత్తుగా రెండింతలు వెడల్పయిపోతాయి. ఒక్కొక్కరు రెండేసి స్థలాలు కొని కట్టుకున్న మహా సంపన్నుల మేడలవి. ఆ సంపద ఎక్కడిదన్న ప్రశ్నకి మాత్రం ఆడియోలో నాకు సరైన జవాబు దొరకలేదు. కొంత తూర్పు దేశాల వ్యాపారం, కొంత బానిసల వ్యాపారం. బానిసత్వంలో ఊరి పాత్రకు నగర మేయరే 2021 జులై 1న క్షమాపణ చెప్పారు. క్లోవెనియర్స్‌బుర్గ్‌వాల్ అనే కాలువ పక్కన డచ్ ఈస్టిండియా కంపెనీ పాత భవనం ఇప్పటికీ ఉంది. మన మచిలీపట్నం, పులికాట్ రేవుల నుంచి బట్టలు కొన్న కంపెనీ అదే. ఇది చెప్పేసరికి రెండోసారి వచ్చిన మామయ్యగారికి నిద్ర ఎగిరిపోయింది. చరిత్ర మాస్టారుగా రిటైరయ్యారు లెండి, బోటు నడిపే అమ్మాయికి ఆయనే భీమిలి డచ్చి సమాధుల గురించి పాఠం చెప్పారు.

సరే, ఏ బోటు? అమ్మావాళ్లతో వెళ్లినప్పుడు కప్పులేని చిన్న బోటు తీసుకున్నాం. పన్నెండు మంది, నడిపేది ఒక కాలేజీ అమ్మాయి, మైకూ లేదు, ఆడియో లేదు. అడిగినవన్నీ చెప్పింది, అడగనివీ చెప్పింది. సింగెల్ కాలువలో ఒక బోటు చూపించి అందులో పిల్లులుంటాయంది. నిజంగానే దిక్కులేని పిల్లుల కోసం నడిచే ఆశ్రమం, నీళ్ల మీద తేలుతూ ఉంటుంది. 1966లో ఒకావిడ మొదలుపెట్టిందట. మా నాన్నకి ఆ యాత్ర మొత్తంలో గుర్తున్నది ఆ పిల్లుల బోటొక్కటే. చిన్న బోటులో నీళ్లకి చెయ్యందేంత దగ్గరగా కూర్చుంటాం. వంతెన కిందికి వెళ్లినప్పుడు ఇటుకలు నెత్తికి తగులుతాయేమో అని తల దించుకుంటాం. అద్దాల బోటులో ఆ అనుభవం రాదు. ఎలక్ట్రిక్ బోటయితే ఇంకా మేలు, మోటారు మోత లేక పక్కవాళ్ల మాటలు వినపడతాయి. ఈ మధ్య చాలావరకు అవే.

కానీ మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు కదా, అక్కడే చిక్కు. చిన్న బోటులోకి దిగడానికి మెట్లుండవు. గట్టు మీంచి బోటు అంచు మీద, అక్కణ్ణుంచి సీటు మీద కాలేసి దిగాలి. అడుగేసినప్పుడల్లా బోటు ఊగుతుంది. మా అమ్మని ఇద్దరం పట్టుకుని దింపాం. పెద్ద బోటుకైతే చేత్తో పట్టుకునే కడ్డీ, నాలుగు మెట్లు ఉంటాయి. పెద్ద బోట్లలో చాలావాటికి టాయిలెట్ ఉంటుంది, చిన్నవాటిలో ఉండదు. గంటన్నర ప్రయాణానికి, షుగరున్న పెద్దవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. కాబట్టి మీకు పెద్ద బోటే నయమేమో. అయితే మేం చేసిన తప్పు చెయ్యకండి. ఇరవై నిమిషాలు ముందెళ్లి వరసలో మొదట నిలబడండి. వీలైతే వెనక కొసన కప్పులేని చోటున్న బోటు చూసుకోండి, లేదా తెరుచుకునే కిటికీ పక్కన కూర్చోండి. ఏ కంపెనీ అని అందరూ అడుగుతారు, నా అనుభవంలో కంపెనీ కన్నా సీటు ముఖ్యం.

ఎక్కే చోటు కూడా మార్చుకోండి. స్టేషన్ ఎదుట ఎప్పుడూ తిరనాళ్లే. రైక్స్ మ్యూజియం దగ్గర స్టాడ్‌హౌడర్స్‌కాడె వైపున్న రేవులు కాస్త ప్రశాంతంగా ఉంటాయి, ట్రామ్ దిగి నాలుగడుగులు నడిస్తే చాలు.

ఎప్పుడన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఊరొక ముక్కలో అర్థమవుతుంది కాబట్టి మొదటి రోజే బోటెక్కమని చాలామంది చెబుతారు. నేను రెండో రోజు సాయంత్రం అంటాను. ఒక రోజు ఆ గట్ల మీద నడిచి, సైకిళ్ల నుంచి తప్పించుకుని, రెండు వంతెనలెక్కి దిగాక బోటెక్కితే "అరె, నిన్న మనం కాఫీ తాగింది ఇక్కడే" అనుకుంటూ చూస్తారు. తెలిసిన వీధిని కిందినుంచి చూడటంలో ఒక గమ్మత్తుంది. జూన్‌లో ఇక్కడ పొద్దుగూకేది రాత్రి పది దాటాక, ఆగస్టు చివర్లో ఎనిమిదిన్నరకి, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే. సూర్యాస్తమయానికి గంట ముందు బయల్దేరే బోటు పట్టుకోండి. వెళ్లేటప్పుడు ఇటుక గోడల మీద ఎర్రటి ఎండ, వచ్చేటప్పుడు వంతెనల మీద దీపాలు, రెండూ దొరుకుతాయి. రెగులియర్స్‌గ్రాఖ్ట్ మొదట్లో బోటు కాసేపు ఆగుతుంది. అక్కణ్ణుంచి ఏడు వంతెనలు ఒకదానిలోంచి ఒకటి కనపడతాయి. చీకటి పడ్డాక ప్రతి కమాను చుట్టూ బల్బులు వెలిగి, నీళ్లలో నీడ పడి గుండ్రటి దీపాల దండలవుతాయి. ఫోనుతో తీస్తే ఏమీ రాదు, చీకట్లో వెళ్లినప్పుడల్లా ప్రయత్నించాను.

ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263 ముందు కూడా అన్ని బోట్లూ నెమ్మదిస్తాయి. నాజీలకు దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి ఆన్ ఫ్రాంక్ ఇల్లు. ఆ కుటుంబం 1942 జులై నుంచి 1944 ఆగస్టులో పట్టుబడేదాకా దాక్కున్నది వెనకభాగంలో, కాలువ వైపు నుంచి కనపడేది మామూలు ఆఫీసు ముఖమే. లోపల చూడాలంటే టికెట్లు ఆన్‌లైన్‌లో తప్ప దొరకవు, ఆరు వారాల తర్వాతి తేదీలకి ప్రతి మంగళవారం వదులుతారు. మీ ప్రయాణం ఖాయమైతే బోటు కన్నా ముందు ఆ పని చూసుకోండి.

ధర విషయానికొస్తే, మేం పోయిన ఏడాది పెద్ద బోటుకి మనిషికి 18 యూరోలిచ్చాం, చిన్న బోటుకి 30 దాకా అయింది. రోజునీ గంటనీ బట్టి మారుతుంటాయి. ఆమ్‌స్టర్‌డామ్ సిటీ కార్డు (మ్యూజియంలు, ట్రామ్‌లు కలిపి పర్యాటకులకి ఇచ్చే పాసు) కొనేట్టయితే అందులో ఒక బోటు షికారు కలిసే ఉంటుంది, మళ్లీ విడిగా కొనకండి. డిన్నర్ క్రూజ్‌ల జోలికి పోవద్దు. కంచంలోకి చూస్తారా, కిటికీలోంచి చూస్తారా? పైగా మనవాళ్లకి ఆ చప్పిడి తిండి ఎక్కదు.

మీరే నడుపుకునే అద్దె బోట్లూ ఉన్నాయి, వాటికి లైసెన్సు అక్కర్లేదు. కుడివైపు వెళ్లాలి, గంటకు 6 కిలోమీటర్లు దాటకూడదు, పెద్ద బోట్లకి దారివ్వాలి. కుర్రాళ్లకి సరదాగానే ఉంటుంది. మా మరిది నడిపినప్పుడు మూల మలుపులో ఒక పెద్ద బోటు హారన్ కొట్టుకుంటూ అడ్డంగా వచ్చింది, ఆ పది సెకన్లూ నేను నాకు తెలిసిన దేవుళ్లందర్నీ తలుచుకున్నాను. పెద్దవాళ్లతో వద్దు.

ఏప్రిల్ 27 రాజుగారి పండగ రోజు, ఆగస్టు మొదట్లో ప్రైడ్ ఊరేగింపు (స్వలింగ సంపర్కుల, ట్రాన్స్‌జెండర్ల హక్కుల వేడుక) రోజు మామూలు షికార్లు దొరకడం కష్టం, కాలువలన్నీ పాటలతో గంతులతో నిండిపోతాయి. ఇంకోటి, కరపత్రంలో వేసిన దారినే తీసుకెళ్తారన్న నమ్మకం పెట్టుకోకండి. 2020లో గ్రిమ్‌బుర్గ్‌వాల్ దగ్గర గట్టు గోడ ఉన్నట్టుండి నీళ్లలోకి కూలింది. పాత గట్లకీ వంతెనలకీ ఊరంతా మరమ్మతులు జరుగుతున్నాయి, ఏదో ఒక కాలువ మూసే ఉంటుంది. ఏడు వంతెనలు తప్పకుండా చూడాలనుకుంటే టికెట్ కొనేముందు ఆ రోజు అటు వెళ్తున్నారా అని అడగండి. అడిగితే ఉన్నదున్నట్టే చెబుతారు, డచ్చివాళ్లకి మొహమాటం తక్కువ.

అమ్మగారికి ఒక స్వెటర్ తీసుకెళ్లండి. జులైలో కూడా.