ఎయిర్ సస్పెన్షన్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

కొత్త చిన్న కారు ధరకే 8 ఏళ్ల లగ్జరీ ఎస్‌యూవీ వస్తోంది, తీసుకోవచ్చా అని అడిగారు కదా. బండి ధర పడిపోయినా దాని స్పేర్ పార్టుల ధర పడిపోదండీ, అసలు చిక్కంతా అక్కడే. దానికి ఎయిర్ సస్పెన్షన్, అంటే స్టీల్ స్ప్రింగులకు బదులు గాలి నింపిన సంచులపై బండి నిలిచే ఏర్పాటు ఉందన్నారు కాబట్టి ముందు రోజు రాత్రి ఎత్తుపల్లాలు లేనిచోట ఆపించి, పొద్దున్నే స్టార్ట్ చేయకముందే వెళ్లండి. నాలుగు చక్రాల దగ్గరా టైరుకీ దాని పైనుండే ఫెండర్ అంచుకీ మధ్య ఖాళీ టేపుతో కొలవండి. ఒక మూల బాగా దిగిపోయి ఉంటే అక్కడ గాలి లీకవుతున్నట్టే అనుకోండి. ఆ లోటు పూడ్చడానికి పదేపదే పనిచేసి, గాలి నింపే కంప్రెసర్ కూడా పాడవుతుంది. చల్లగా ఉన్న ఇంజన్ స్టార్టవగానే గలగలమంటే టైమింగ్ చైన్‌ని (ఇంజన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే గొలుసుని) అనుమానించాలి. సర్వీస్ రికార్డు లేకపోతే మాత్రం ఎంత మనసుపడ్డా వదిలేయండి. అన్నీ బాగుంటే తీసుకోండి, కానీ రిపేర్లకి విడిగా డబ్బు పెట్టుకున్నాకే.