వేగపు రికార్డు కోసం ఆర్ఎక్స్ 100 ఇంజన్ మంచిదా, 650 సీసీ ఇంజన్ మంచిదా?

అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో ఎప్పటికైనా ఒక పరుగు తీయాలన్న ఆశతో బండి తయారుచేసుకుంటున్నాననీ, ఇంట్లో ఉన్న యమహా ఆర్ఎక్స్ 100 ఇంజన్‌నే పదును పెట్టించాలా లేక 650 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంజన్ కొనాలా అనీ మీరు అడిగారు. శ్రీకాకుళంలో మా నాన్నగారి షెడ్డులో చిన్నప్పటి నుంచి టూ స్ట్రోక్ బళ్లు విప్పి బిగిస్తున్నవాడిగా నా అభిప్రాయం ఆర్ఎక్స్ వైపే ఉంది, కానీ కొన్ని షరతులతో.

పోర్టులు (సిలిండర్ గోడలో పెట్రోలు కలిసిన గాలి, పొగ వచ్చిపోయే కిటికీలు) పెద్దవి చేయించిన ఆర్ఎక్స్‌ను ఒక తెల్లవారుజామున రణస్థలం వైపు హైవే మీద యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పి పట్టుకుని నడిపాను (పబ్లిక్ రోడ్డు మీద చేయకూడని పని అది, ఇప్పుడు మా కుర్రాళ్లెవరినీ చేయనివ్వను). రెండు మూడు నిమిషాలు బాగానే లాగింది. తరువాత శబ్దం సన్నబడి, నేను క్లచ్ పట్టేలోపే వెనక చక్రం బిగుసుకుపోయింది. విప్పి చూస్తే పిస్టన్‌కు ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు, సిలిండర్ లోపలి గోడకు అంటుకున్న అల్యూమినియం పొర, సున్నంలా తెల్లబడిన ప్లగ్ మొన కనిపించాయి. పోర్టులు పెంచినా మెయిన్ జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రపు ముక్క) పాతదే ఉంచడం నా తప్పు. గాలికి తగినంత పెట్రోలు అందక ఇంజన్ వేడెక్కి పట్టేసింది. ఊళ్లో తిరిగినంతకాలం ఆ లోపం బయటపడలేదు, ఎందుకంటే మెయిన్ జెట్ ప్రభావం యాక్సిలరేటర్‌ను ముప్పావు దాటి తిప్పినప్పుడే పూర్తిగా తెలుస్తుంది. ఉప్పు మైదానంలో మాత్రం మైళ్ల తరబడి అలాగే తిప్పి ఉంచాలి. పైగా ఆ మైదానం దాదాపు 4,200 అడుగుల ఎత్తున ఉంది. గాలి పలుచన కాబట్టి సముద్రపు ఒడ్డున మనం సరిచూసుకున్న జెట్ అక్కడ పెట్రోలు ఎక్కువిస్తుంది, ఇంజన్ బలమూ తగ్గుతుంది. అందుకే జెట్లు నాలుగైదు సైజుల్లో వెంట ఉండాలి.

గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. 11 హార్స్‌పవర్‌తో 100 కిలోమీటర్లు అందుకునే బండి అదే ఆకారంతో 150 అందుకోవాలంటే దాదాపు 37 హార్స్‌పవర్ కావాలి. కాబట్టి ఇంజన్ కంటే ముందు మీరు ట్యాంకు మీద ఎంత వంగగలరో చూసుకోండి. వేగం పెరుగుతుందని వెనక స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) మరీ చిన్నది వేసినా లాభం లేదు, ఇంజన్ లాగలేదు. నేను వేసినప్పుడు నాలుగో గేరులో వేగం మూడో గేరు కంటే తగ్గింది.

650 ఇంజన్‌లో ఆయిల్‌ను పంపు తిప్పుతూ ఉంటుంది, దాన్ని చల్లబరిచే కూలరూ ఉంది కాబట్టి ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే పోటీ తరగతులు సీసీని బట్టి ఉంటాయి. 650 తరగతిలో మీ పోటీ గట్టిగా పదునుపెట్టిన పెద్ద ఇంజన్లతో. ఖర్చు సంగతి చెప్పనక్కర్లేదు.

ఆర్ఎక్స్‌లో మాత్రం ఒక చిక్కుంది. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 50, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 50 మిల్లీమీటర్లు కాబట్టి 98.2 సీసీ. అరిగిన సిలిండర్‌ను కాస్త వెడల్పు చేసి పెద్ద పిస్టన్ వేయడాన్ని ఓవర్‌సైజు అంటారు. మొదటి ఓవర్‌సైజు, అంటే పావు మిల్లీమీటరు పెంచితే 99.2 అవుతుంది, రెండో ఓవర్‌సైజుకు 100.15 అయి, వంద సీసీ తరగతి దాటి 125లో పడతారు. మీ బండి సిలిండర్‌ను ఇదివరకు ఎన్నిసార్లు బోరు చేయించారో లేత్ షాపులో గేజు పెట్టించి కొలిపించుకోండి. అర మిల్లీమీటరు పెరిగి ఉంటే పోర్టుల జోలికి పోకముందే వేరే సిలిండర్ వెతుక్కోండి.